ఇంకా రాని రోజుకి హాజరు

పోయిన వారం చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి కథలోకి వెళ్తాను. మన టైలరమ్మ తన తొమ్మిదేళ్ళ కూతురు గుండీని బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టి మూడు నెలలైంది. గుండీ అన్నది ముద్దుపేరు. పుట్టినప్పుడు చొక్కా గుండీలా గుండ్రంగా ఉందని తండ్రి అలా పిలిచాడు, అదే ఉండిపోయింది. బళ్ళో లేచి చదవమంటే ఆ పిల్లకి అక్షరాలు తడబడేవి. తరగతంతా నవ్వేది. ఆ నవ్వులకి పిల్ల నోరు మూసుకుంది. నాలుగు నెలల పాటు బళ్ళో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటికి తెచ్చుకున్నాక మెల్లగా మాటలు తిరిగొచ్చాయి. ఇది గారాబమే తప్ప చదువు కాదని ఆడపడుచు వాదన. ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. సోమవారం సాయంత్రం వచ్చి గొడవపడి, ఏడాది చివర చట్టం ప్రకారం కావలసిన టీచరు సంతకం తను చచ్చినా పెట్టనని చెప్పి, తలుపు ధడాలున వేసి వెళ్ళింది. మర్నాడే పోస్టులో కాగితం వచ్చింది. మీ మీద ఫిర్యాదు అందింది, గురువారం మధ్యాహ్నం హాజరు ఆఫీసరు వస్తారు, పుస్తకాలన్నీ సిద్ధంగా ఉంచండి అని.

ఇవాళ ఆ గురువారమే. పద్నాలుగో తారీఖు.

పొద్దున్న లేచింది మొదలు టైలరమ్మ కాలు కాలిన పిల్లిలా ముందుగదికీ వంటగదికీ మధ్య తిరుగుతూనే ఉంది. ఇస్త్రీ చేసిన బట్టలకే మళ్ళీ ఇస్త్రీ చేసింది. తెల్ల చొక్కాకి నల్లదారం ఎక్కించి, సగం కుట్టాక చూసుకుని, విప్పి, మళ్ళీ నల్లదారమే ఎక్కించింది. ముందుగదే ఆవిడ కొట్టు. కిటికీ పక్కన మిషను, గోడ పొడవునా బట్ట కత్తిరించే బల్ల, బల్ల కింద కూతురి బడి. గుండీకి కుర్చీలో కూర్చుంటే చదువు ఎక్కదు. బల్ల కింద, బట్టల మూటల మధ్య, అయస్కాంతంతో నేల మీది గుండుసూదులు ఏరుకుంటూ చదివితే ఎక్కుతుంది. ఈ సంగతి ఆఫీసరుకి ఎలా చెప్పాలా అని తల్లి పొద్దుటి నుంచీ మాటలు కూడబలుక్కుంటోంది.

నిబంధనల పుస్తకం ఆవిడ రెండుసార్లు చదివింది. ఇరవై నాలుగు పేజీలు. ముఖ్యమైన వాక్యం కనబడ్డప్పుడల్లా చేతిలో ఏది ఉంటే దానితో గీత పెట్టింది. టైలరు చేతిలో ఏముంటుంది, సుద్ద ఉంటుంది. బట్ట మీద పెట్టిన సుద్ద దులిపితే పోవాలి, అది దాని సుగుణం. కాగితం మీదా అంతే సుగుణంగా పోయింది. ఇప్పుడు పుస్తకం తీసి చూస్తే ఏది ముఖ్యమో ఏది కాదో తెలియకుండా ఇరవై నాలుగు పేజీలూ శుభ్రంగా ఉన్నాయి. మొగుడికి ఫోన్ చేసింది. దూరాలకి లారీ నడిపే మనిషి, శనివారం దాకా రాడు. అంతా విని, "నీకు ఎలా తోస్తే అలా చెయ్యి" అన్నాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయనది అదే జవాబు.

ఆఫీసరు రావడానికి అరగంట ముందు, పిలవకుండానే ఆడపడుచు దిగింది. చేతిలో కళ్ళజోడు పెట్టె, మొహంలో పరీక్ష హాలు. టైలరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఫిర్యాదు ఈవిడ తప్ప ఎవరిస్తారు? సోమవారం తలుపు వేసి వెళ్ళింది, మంగళవారం కాగితం వచ్చింది. ఒక్క రాత్రిలో ఏ ఆఫీసూ కదలదన్న ఇంగితం ఆ క్షణాన ఆవిడకి లేదు. కోపంలో ఉన్నవాళ్ళకి క్యాలెండరు కనబడదు. అయినా పెద్దదని ఓర్చుకుని కుర్చీ జరిపింది.

ఆఫీసరు చెప్పిన టైముకే వచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతిలో రెక్సిను సంచి. గుమ్మంలోనే టైలరమ్మ చూపు ఆయన కుడి చేతి కఫ్ మీద పడి అక్కడే చిక్కుకుంది. బొత్తం ఊడి ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఆయన చెయ్యి కదిపినప్పుడల్లా అదీ ఊగుతోంది. ఆయన మాట్లాడినంతసేపూ ఆవిడ బొత్తానికే జవాబులు చెప్పింది.

ఆయన మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. పని చేసుకుపోయే మనిషి. సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టి ఒక్కొక్కటే అడిగాడు. ఇంట్లో చదివిస్తామని ముందుగా తెలియజేశారా? తెలియజేసింది, ఆఫీసు ముద్ర ఉన్న నకలు చూపించింది. బళ్ళోంచి పేరు తీయించిన కాగితం? ఉంది. చెప్పవలసిన ఐదు విషయాలూ చెబుతున్నారా? భాష, లెక్కలు, సైన్సు, సాంఘికం, ఆరోగ్యం, ఐదింటికీ ఐదు నోటుపుస్తకాలు తెచ్చి పెట్టింది. ఆయన తిప్పి చూశాడు. భాష పుస్తకంలో ఒకచోట ఆగి, "గ్రంథాలయంలో కంప్యూటరు మీద అధికారికి విన్నపం రాసే పద్ధతి" అని పైకి చదివి, బళ్ళల్లో కూడా ఇది నేర్పడం మానేశారని మెచ్చుకున్నాడు. టైలరమ్మకి కాస్త ఊపిరి ఆడింది. మంగళవారాలు పిల్లని గ్రంథాలయంలో వదిలి, ఆ వీధిలోనే కొలతలు తీసుకోవడానికి వెళ్ళివస్తుంటానని కూడా చెప్పింది. ఏడాది చివరి సంతకం సంగతి ఇంకా దూరం కనక ఆడపడుచు వైపు ఎవరూ చూడలేదు.

చివరికి హాజరు పుస్తకం అడిగాడు. ఇచ్చింది. ఆయన మొదటి నుంచి కాకుండా చివరి నుంచి తెరిచాడు. ఆ అలవాటు ఎన్నేళ్ళ అనుభవంతో వచ్చిందో గానీ, పేజీ చూడగానే ఆయన కనుబొమలు కలిశాయి.

"అమ్మా, ఇవాళ తారీఖెంత?"

"పద్నాలుగు సార్."

"మీ అమ్మాయి పద్దెనిమిదో తారీఖున భాగహారాలు చేసేసింది. పంతొమ్మిదిన పటంలో నదులు గుర్తించింది. ఇరవై ఒకటిన వాన ఎలా పడుతుందో చదివేసింది. అన్నిటికీ హాజరు కూడా పడింది." పుస్తకం ఆవిడ వైపు తిప్పాడు. "రాని రోజుకి హాజరు ఎలా వేశారు?"

టైలరమ్మ పుస్తకం వైపు చూసింది. అంతా తన చేతిరాతే. తప్పు ఎక్కడుందో ఆవిడకి ఇంకా తెలియలేదు, అదీ అసలు భయం. ఆయన నిబంధన చదివి వినిపించాడు. ప్రతి రోజు హాజరూ ఆ రోజే రాయాలి. ముందుగా రాసిన పుస్తకం చెల్లదు. పుస్తకం చెల్లకపోతే ఇప్పటిదాకా గడిచిన అరవై రెండు రోజుల చదువూ జరగనట్టే లెక్క. అప్పుడు మూడు రోజుల్లోగా పిల్లని బళ్ళో చేర్పించాలి. అంటే సోమవారం పొద్దున్న గుండీ మళ్ళీ ఆ తరగతి గదిలో, ఆ బెంచీ మీద, నోరు మూసుకుని.

బల్ల కింద అయస్కాంతానికి సూదులు అంటుకుంటున్న చప్పుడు ఆగిపోయింది.

టైలరమ్మ ఒక్కసారిగా తన ఆర్డరు పుస్తకం లాగి ఆయన ముందు పడేసింది. "ఇది చూడండి సార్. ఇరవై ఏళ్ళుగా ఇలాగే రాస్తున్నాను. పేజీ పైన రాసేది బట్ట వచ్చిన తారీఖు కాదు, ఇవ్వాల్సిన తారీఖు. వచ్చిన తారీఖు ఎవరిక్కావాలి? పీక మీద కూర్చునేది ఇవ్వాల్సిందే కదా. పాఠానిక్కూడా అలాగే రాశాను. సోమవారం చెప్పిన పాఠం పై సోమవారానికి నోటికొచ్చెయ్యాలి. చొక్కాకి వారం గడువు ఇస్తాను, భాగహారానికీ వారమే ఇచ్చాను."

ఆఫీసరు విన్నాడు. నవ్వలేదు. అబద్ధమని అననంటూనే, మాట మీద పుస్తకం చెల్లదనీ, రుజువు కావాలనీ అన్నాడు. ముందుగా కూర్చుని నెల రోజుల హాజరు ఒకేసారి నింపేసినవాళ్ళని చాలామందిని చూశానన్నాడు. ఆ మాటకి టైలరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరి ముందు తిరగకూడదనుకుందో ఆవిడ ముందే తిరిగాయి.

ఆడపడుచు కళ్ళజోడు తీసి పెట్టుకుని పిల్ల నోటుపుస్తకాలు ముందుకి లాక్కుంది. ప్రతి పేజీ మూలా చిన్న బట్టముక్క అంటించి ఉంది. ఏమిటివి అని అడిగింది. గుండీ అలవాటు అది. తల్లి ఆ రోజు ఏ బట్ట కత్తిరిస్తే అందులో గోరంత ముక్క తీసుకుని ఆ రోజు రాసిన పేజీ మూల అంటిస్తుంది. ఎందుకంటే ఎందుకూ లేదు. ఆర్డరు పుస్తకంలో అమ్మ అంటిస్తుంది కనక తనూ అంటిస్తుంది.

"మరి నువ్వు బట్ట తీసుకున్నప్పుడు రసీదు ఇస్తావుగా, దాని మీద ఏ తారీఖు వేస్తావు?" అని అడిగింది ఆడపడుచు.

"రసీదు మీదైతే ఇద్దరికీ తెలియాలి కదా వదినా. తీసుకున్న తారీఖూ ఇచ్చే తారీఖూ రెండూ వేస్తాను. కార్బన్ కాపీలు ఆ డబ్బాలో ఉన్నాయి."

ఇక ముప్ఫై ఏళ్ళ లెక్కల టీచరు లేచి నిలబడింది. ఆఫీసరుని ఆయనకి నచ్చిన పేజీ తీయమంది. నోటుపుస్తకాల్లోనూ పిల్ల అమ్మలాగే తారీఖు వారం ముందుకి వేసింది. ఆయన పదమూడో తారీఖు పేజీ తీశాడు. మూలలో నీలం చారల ముక్క. ఆర్డరు పుస్తకంలో నీలం చారలు ఒక్కచోటే ఉన్నాయి, అర్జంటు చొక్కా. డబ్బాలోంచి దాని రసీదు తీశారు. బట్ట తీసుకున్నది ఆరున పొద్దున్న, ఆ రోజే కత్తిరించి ఎనిమిదిన ఇచ్చేశారు. పదమూడులోంచి ఏడు తీస్తే ఆరు. ఆయన ఇంకో పేజీ తీశాడు. మళ్ళీ ఏడు. ముక్క దాచి తర్వాత అంటించి ఉండొచ్చు కదా అన్నాడు.

"ఒక పేజీకైతే అనుకోవచ్చు," అంది ఆడపడుచు. "అరవై రెండు పేజీలకీ ఏడే వస్తే దాన్ని మోసం అనరు బాబూ, పద్ధతి అంటారు. మొత్తం చూస్తారా? నాకు తొందరేం లేదు."

ఆయనకి ఉంది కాబోలు. ఇరవై పేజీల దగ్గర చాలన్నాడు. సంచిలోంచి పొరపాటు దిద్దుకునే కాగితం తీశాడు. అలాంటిది ఒకటి ఉంటుందని ఇరవై నాలుగు పేజీల్లో ఎక్కడో రాసే ఉంటుంది, సుద్దతో పాటు రాలిపోయింది. పాఠాలు నిజంగా ఆ రోజుల్లోనే జరిగాయని అర్హత ఉన్న టీచరు ఒకరు సంతకం పెడితే తారీఖులు దిద్ది ఇవ్వొచ్చు. అర్హత ఉన్న టీచరు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

ఆడపడుచు కాగితం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి, కలం అడిగి, సంతకం పెట్టింది. కలం మూత పెడుతూ మరదలికి మాత్రమే వినబడేలా, "ఇది పిల్లకి పెట్టాను. నీ పద్ధతికి కాదు," అంది.

టైలరమ్మకి సిగ్గేసింది. మూడు రోజులుగా ఈ మనిషిని మనసులో ఎన్ని తిట్లు తిట్టిందో, ఒక్కొక్కటే గుర్తొచ్చింది. అయినా గుచ్చుకునే ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఈవిడ కాకపోతే ఫిర్యాదు ఎవరిచ్చినట్టు?

ఆఫీసరు నివేదిక కాగితం ముందుకి లాక్కున్నాడు. అడుగున రెండు గళ్ళు. నిబంధనల ప్రకారం ఉంది, లేదు. ఒక దాంట్లో టిక్కు పెట్టి కింద సంతకం చేస్తే అయిపోతుంది. కలం ఎత్తాడు గానీ రాయలేకపోయాడు. బల్ల కిందనుంచి గుండీ బయటికొచ్చింది. మెడలో టేపు, చేతిలో దారం ఎక్కించిన సూది. ఒక్క మాట లేకుండా ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుడి కఫ్ పట్టుకుని, బొత్తం కుట్టడం మొదలుపెట్టింది.

తల్లి వారించబోయింది. ఆయన పరవాలేదన్నట్టు ఎడం చెయ్యి ఊపాడు. రాసే చెయ్యి పిల్ల చేతుల్లో ఉండిపోయింది కనక ఇక మాటలే మిగిలాయి. తారీఖులు తప్పడం ఈ వీధి గాలిలోనే ఉన్నట్టుందన్నాడు. మీ మీద వచ్చిన ఉత్తరం ఎనిమిదో తారీఖున ఆఫీసుకి చేరింది, ముద్ర ఉంది, పైన తారీఖేమో ఇరవై రెండని ఉంది అన్నాడు.

టైలరమ్మ తల ఎత్తింది. ఎనిమిదంటే సోమవారం గొడవకి మూడు రోజుల ముందే. అప్రయత్నంగా ఆడపడుచు వైపు చూసింది. ఆ చూపు అర్థం చేసుకోవడానికి ఆడపడుచుకి అర నిమిషం కూడా పట్టలేదు.

"నన్ననుకున్నావా?" అంది. గొంతులో కోపం కంటే నొప్పే ఎక్కువ ఉంది. "నేను రాస్తే కింద పేరు రాస్తాను. ఇంటి నంబరు కూడా వేస్తాను."

ఆ ఉత్తరం చూడొచ్చా అని టైలరమ్మ అడిగింది. పేరున్న ఫిర్యాదైతే చూపించకూడదట. దీనికి పేరు లేదు కనక దాచడానికీ ఏమీ లేదని ఆయన ఎడం చేత్తో సంచి వెతికి, మడత కాగితం తీసి ఇచ్చాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి ఫిర్యాదు చూడలేదని కూడా అన్నాడు. అందరూ చర్య తీసుకోండి అని రాస్తారు, ఇందులో ఆ మాటే లేదట.

కంప్యూటరులో కొట్టి అచ్చు తీసిన కాగితం. కుడివైపు పైన తారీఖు. దాని కింద ఒక వరస వదిలి, గౌరవనీయులైన అధికారి గారికి. మళ్ళీ ఒక వరస వదిలి, అసలు సంగతి.

"కుట్టుపని చేసే ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. ఆమె బడికి రావడం లేదు. ఎవరూ ఆమెని అడగలేదు. మీరు వచ్చి అడగవలసిందిగా కోరుతున్నాను."

పైన తారీఖు వేశాక ఒక వరస వదలాలి. అడగండి అని రాయకూడదు, అడగవలసిందిగా కోరుతున్నాను అని రాయాలి. ఇదంతా తనే చెప్పింది. ఈ గదిలోనే, కత్తెర పక్కన పెట్టి మరీ చెప్పింది. గ్రంథాలయంలో రాసుకురమ్మని కూడా తనే పంపింది. టైలరమ్మ ఉత్తరం మీది అంకెని మళ్ళీ చూసింది. అది పొరపాటు కాదు. ఈ లోకంలో ఉత్తరం పైన రాసే రోజు వెయ్యకుండా, పని పూర్తి కావాల్సిన రోజు వేసేవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఒకరు తను.

ఇరవై రెండుకి ఏం పూర్తి కావాలి?

ఆర్డరు పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. ఇరవై రెండో తారీఖు పేజీ ఆవిడ చాలా రోజులుగా తిప్పలేదు, తిప్పబుద్ధి కాలేదు. అది గుండీ చదివిన బడి ఆర్డరు. ఆ తరగతి పిల్లలు వేసే నాటకానికి పద్నాలుగు అంగీలు. బడి వాళ్ళు పంపిన కొలతలు ఎక్కించి, బట్టల మూట బల్ల కిందకి తోసి, కత్తెర పెట్టకుండా రేపు మాపు అంటూ దాటేస్తోంది. ఆ మూటకి ఆనుకునే పిల్ల రోజూ చదువుకుంటోంది.

పేజీ తిప్పింది. పద్నాలుగు పేర్లు, పద్నాలుగు కొలతలు, తన చేతిరాత. వాటి కింద, పెన్సిలుతో, వంకరగా ఇంకో వరస. పదిహేను. ఛాతీ, భుజం, చెయ్యి, పొడవు. ఎవరికి వాళ్ళు టేపు పట్టుకుని తీసుకుంటే భుజం కొలత ఎప్పుడూ అంగుళం తప్పుతుంది. ఇదీ తప్పింది. పేరుండాల్సిన చోట పేరు లేదు. చిన్న గుండ్రం గీసి, అందులో నాలుగు చుక్కలు పెట్టి ఉంది.

ఆ తరగతి గదికి పిల్లని పంపకూడదని మూడు నెలలుగా ఆవిడ యుద్ధం చేస్తోంది. ఇందాకే గెలిచింది. ఆవిడకి ఏడుపొచ్చింది, ఈసారి ఎవరున్నారన్నది కూడా చూసుకోలేదు. అంత నవ్వినవాళ్ళ మధ్యకి మళ్ళీ ఎందుకే అని అరవాలనిపించింది. అరవలేదు. ఎందుకో తనకి తెలియదు. తెలుసుకుందామని ఎప్పుడూ అడగలేదు కనక తెలియదు.

పిల్ల ముడి వేసింది. ఆఫీసరు చెయ్యి విడిపించుకుని, కఫ్ అటూ ఇటూ తిప్పి చూసుకుని, బాగుందని చెప్పి కలం అందుకున్నాడు. కలం మొదటి గడి మీదకి వచ్చింది.

"సార్, ఆగండి," అంది టైలరమ్మ. ఆర్డరు పుస్తకం ఆయన వైపు జరిపింది. "మీరు వచ్చిన పని ఇంకా కాలేదు. దాన్ని అడగండి. నేనేమీ మాట్లాడను."

ఆఫీసరు పుస్తకంలో పదిహేనో వరస చూశాడు, ఉత్తరం చూశాడు, తర్వాత కలం కింద పెట్టాడు. ఆడపడుచు కళ్ళజోడు తీసేసింది. గుండీ దారం కొరికి, సూదిని తన గౌను అంచుకి జాగ్రత్తగా గుచ్చుకుని, అమ్మ మొహం వైపు ఒకసారి చూసి, కొత్తమనిషి ముందు నోరు తెరిచింది.